జెడ్‌లిబ్ చివరి ‘జి’

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ పంపిణీల్లో ఏదైనా నడుస్తున్న కంప్యూటర్‌ను నీలో ఏయే ప్యాకేజీలున్నాయో చెప్పమంటే పొడవాటి జాబితా ఇస్తుంది. అక్షరక్రమంలో దాదాపు చిట్టచివర ఒక పేరు కనిపిస్తుంది: జెడ్‌లిబ్1జి. ఫైళ్లను కుదించి మళ్లీ విప్పే చిన్న లైబ్రరీ అది. జాఁ లూ గైలీ, మార్క్ ఆడ్లర్ కలిసి రాయగా 1995లో బయటికొచ్చింది. తెరమీద పీఎన్‌జీ బొమ్మ కనిపించినా, కుదించి పంపిన వెబ్ పేజీ విచ్చుకున్నా చాలాసార్లు దాని చెయ్యి పడి ఉంటుంది. పేరులో ‘జెడ్‌లిబ్’ ఎందుకుందో తెలుస్తూనే ఉంది. ‘1’ని కూడా ఊహించవచ్చు. మరి ఆఖరున ఆ ‘జి’ ఏమిటి?

2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో ఆ ప్యాకేజీ వెర్షన్ ఇలా ఉంటుంది: 1:1.3.డీఎఫ్‌ఎస్‌జీ+రియల్లీ1.3.1-1+బీ1. కొత్తగా చూసేవాళ్లకు ఇది అచ్చుతప్పులా అనిపిస్తుంది. రాతి మీద అక్షరాల వంపు చూసి శాసనం ఏ శతాబ్దానిదో చెప్పే పండితులున్నట్టే, ఈ వరస చూసి ఎప్పుడు ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్లు డెబియన్‌లో ఉన్నారు. ఇందులో అలంకారానికి పెట్టిన గుర్తు ఒక్కటి కూడా లేదు. ముక్కూముఖం తెలియని ఎవరి కంప్యూటరో చెడిపోకూడదని ఎవరో ఒకరు తీసుకున్న జాగ్రత్త ప్రతి గుర్తు వెనకా ఉంది.

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. పది ప్రోగ్రాములకు కావలసిన పనిని ఒకరు ఒకచోట రాసిపెడితే మిగతావాళ్లు వచ్చి వాడుకునే కోడ్. దాన్ని వాడుకోవడానికి రెండు దారులున్నాయి. ప్రతి ప్రోగ్రామూ తన కడుపులో ఒక నకలు పెట్టుకోవచ్చు. లేదా డిస్క్ మీద ఒకే ప్రతి ఉంచి, పని పడినప్పుడు అందరూ దాన్నే పిలవచ్చు. రెండోదాన్ని షేర్డ్ లైబ్రరీ అంటారు. కంప్యూటర్ మెమరీని మెగాబైట్లలో వేళ్ల మీద లెక్కపెట్టుకునే 1990ల మొదట్లో రెండోదారి తప్పనిసరి అవసరం. దానికి ఇంకో లాభం కూడా ఉంది. లైబ్రరీలో ఒక లోపం బయటపడితే ఒక్కచోట దిద్దితే చాలు, వాడుకునే ప్రోగ్రాములన్నిటికీ ఆ దిద్దుబాటు అందుతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ ఒక్కచోట పొరపాటు జరిగితే అది కూడా అందరికీ అందుతుంది.

1993 నాటికి లినక్స్ కెర్నల్ వచ్చి రెండేళ్లయింది. దాన్ని కంపైలర్, ఎడిటర్, మిగతా సరంజామాతో కలిపి ఫ్లాపీల కట్టగా అందించే పంపిణీలు పుట్టుకొస్తున్నాయి. వాటిలో బాగా వ్యాప్తిలో ఉన్నది ఎస్ఎల్ఎస్. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇరవై ఏళ్ల ఇయాన్ మర్డాక్‌కు దాని నాణ్యత నచ్చలేదు. 1993 ఆగస్టు 16న ఆయన కొత్త పంపిణీ ఒకటి ప్రకటించాడు. అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరును తన పేరుతో కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. ఆయన రాసిన మేనిఫెస్టో సారాంశం చెప్పాలంటే, పంపిణీని తయారు చేయడం దానికదే ఒక పని, శ్రద్ధగా చేయాల్సిన పని. అది ఒక్కడివల్ల అయ్యేది కాదు కనుక ముక్కలుగా పంచుకోవాలి. ఒక్కో ప్యాకేజీని ఒక్కో మనిషి చేతిలో పెట్టాలి.

ఈ పంపకమే తర్వాతి కథనంతా నడిపించింది. ఎక్కడెక్కడో ఉన్న, ఒకరినొకరు చూడని మనుషులు కట్టిన మూటలు ఒకే యంత్రంలో కలిసి పనిచేయాలంటే మూట కట్టే పద్ధతి అందరికీ ఒకటే ఉండాలి. అలా పుట్టింది డీపీకేజీ. మొదట అది చిన్న షెల్ స్క్రిప్ట్. ఆ తర్వాత పెర్ల్‌లోకి మారింది. ఇయాన్ జాక్సన్ దాని ముఖ్యభాగాన్ని సీ భాషలో తిరగరాశాడు. ఈనాటికీ ప్రతి డెబియన్ యంత్రంలో ప్యాకేజీని విప్పి సర్దేది అదే.

తొలినాళ్ల లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ అంటే పెద్ద తలనొప్పి. అప్పటి ఏ.అవుట్ ఫార్మాట్‌లో ప్రతి లైబ్రరీ మెమరీలో తనకు ముందే కేటాయించిన చిరునామాలోనే దిగాలి. ఊళ్లో ఇంటిస్థలాలకు పట్టాలిచ్చినట్టు ఎవరికి ఏ స్థలమో ముందుగా మాట్లాడుకుని పంచుకోవాలి. రెండు లైబ్రరీలకు ఒకే స్థలం పడితే ఇక అంతే. ఈఎల్ఎఫ్ అనే ఫార్మాట్ ఆ బాధ తీర్చింది. అందులో లైబ్రరీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దిగుతుంది. 1996 జూన్‌లో వచ్చిన డెబియన్ 1.1 ఈఎల్ఎఫ్‌కు మారింది. మొత్తం 474 ప్యాకేజీలు. అప్పటికి ప్రాజెక్టు నడుపుతున్న బ్రూస్ పెరెన్స్ పిక్సార్‌లో ఉద్యోగి కావడంతో విడుదలలకు ఆ స్టూడియో తీసిన ‘టాయ్ స్టోరీ’ సినిమాలోని బొమ్మల పేర్లు పెట్టడం మొదలైంది. 1.1 పేరు బజ్. 1.0 అనే విడుదల మాత్రం చరిత్రలో లేదు. ఇంకా పూర్తికాని ప్రతిని ఒక సీడీల కంపెనీ 1.0 అని ముద్రవేసి అమ్మేయడంతో, ఆ అంకె మీద నమ్మకం పోయి డెబియన్‌వాళ్లు దాన్ని దాటేశారు. వెర్షన్ అంకె అంటే మాట ఇవ్వడమని వాళ్లు అంత తొందరగా తెలుసుకోవాల్సి వచ్చింది.

ఈఎల్ఎఫ్‌తో పాటు సోనేమ్ అనే ఏర్పాటు స్థిరపడింది. లైబ్రరీ ప్యాకేజింగ్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది కనుక కాస్త నిలబడి చూడాలి. ప్రతి షేర్డ్ లైబ్రరీ తన లోపల తన పేరు రాసుకుని ఉంటుంది. ఆ పేరు చివర ఒక అంకె ఉంటుంది. జెడ్‌లిబ్‌కైతే అది 1. ఆ లైబ్రరీని వాడుకునే ప్రోగ్రామ్‌ను కంపైల్ చేసినప్పుడు ‘నాకు ఒకటో నంబరు జెడ్‌లిబ్ కావాలి’ అన్న సంగతి ప్రోగ్రామ్‌లో నమోదవుతుంది. లైబ్రరీ రాసేవాళ్లు లోపల ఎన్ని మార్పులు చేసినా, పాత ప్రోగ్రాములు ఎప్పటిలా పనిచేస్తున్నంతకాలం అంకె మార్చనక్కర్లేదు. ఒక ఫంక్షన్‌ను తీసేస్తేనో, అది తీసుకునే వివరాల ఆకారం మార్చేస్తేనో ఒప్పందం చెడినట్టే. అప్పుడు అంకెను 2 చేయాలి.

డెబియన్ ఆ అంకెను తెచ్చి ప్యాకేజీ పేరులోనే కలిపింది. పైకి చిన్న విషయంలా కనిపించే ఈ నిర్ణయం వల్లే ఒకటో నంబరూ రెండో నంబరూ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండగలిగాయి. పాత ప్రోగ్రాములు పాతదాన్ని పిలుచుకుంటాయి, కొత్తవి కొత్తదాన్ని. అందరూ మారిన తర్వాత పాతది మెల్లగా తప్పుకుంటుంది. ఆ వ్యవధి ఇవ్వడం కోసమే ఒక లైబ్రరీని కనీసం రెండు ముక్కలుగా కడతారు. పేరు చివర అంకె ఉన్నది నడవడానికి కావలసింది. ‘డెవ్’ అని ఉన్నది కొత్త ప్రోగ్రాములు కంపైల్ చేసుకునేవాళ్లకు కావలసింది. రెంటినీ ఒకే మూటలో కడితే రెండు నంబర్లూ ఒకే ఫైలు కోసం కొట్టుకుంటాయి.

ఈ పద్ధతికి మొదటి పెద్ద పరీక్ష 1997-98లో ఎదురైంది. ప్రతి ప్రోగ్రామ్‌కూ కింద ఆధారంగా ఉండే సీ లైబ్రరీయే మారింది. 1990ల మొదట్లో లినక్స్‌వాళ్లు గ్నూ సీ లైబ్రరీ నుంచి తమదైన శాఖ ఒకటి విడదీసి 4, 5 నంబర్ల దాకా తెచ్చుకున్నారు. ఈలోగా అసలు గ్నూ లైబ్రరీ బాగా పెరిగి 1997 జనవరిలో 2.0గా వచ్చింది. లినక్స్ మళ్లీ అసలు ఇంటికి చేరాలనుకుంది. పాత అంకె 5 కాబట్టి కొత్తదాని సోనేమ్ 6 అయింది. ఈనాటికీ డెబియన్‌లో దాని పేరు లిబ్‌సీ6.

లిబ్‌సీ5, లిబ్‌సీ6 పక్కపక్కన ఉండొచ్చు. కానీ ఒకే ప్రోగ్రామ్‌లోకి రెండూ వచ్చి పడితే అది కూలిపోతుంది. ఇప్పుడు జెడ్‌లిబ్ సంగతి చూడండి. అది కూడా సీ లైబ్రరీ మీదే నిలబడింది. లిబ్‌సీ6తో మళ్లీ కంపైల్ చేస్తే, లిబ్‌సీ5 మీద ఉన్న పాత ప్రోగ్రాములకు అది పనికిరాదు. జెడ్‌లిబ్ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, సోనేమ్ కూడా 1గానే ఉంది, అయినా లోపలి ఒప్పందం మారిపోయింది. అంకె మార్చే హక్కు రాసినవాళ్లది. డెబియన్ సొంతంగా 2 అని పెడితే రేపు వాళ్లే నిజమైన 2 తెచ్చినప్పుడు గందరగోళం. అందుకని పేరు చివర ఒక అక్షరం చేర్చారు. కొత్త గ్నూ లిబ్‌సీతో కట్టిన లైబ్రరీ అని చెప్పడానికి ‘జి’. అలా జెడ్‌లిబ్1 కాస్తా జెడ్‌లిబ్1జి అయింది. ఎక్స్‌లిబ్6 ఎక్స్‌లిబ్6జి అయింది. పాత ప్రోగ్రాములు ఇంకా కంపైల్ చేసుకోవాల్సినవాళ్ల కోసం లిబ్‌సీ5 సరంజామాను ‘ఆల్ట్‌డెవ్’ అనే పేరుతో పక్కన ఉంచారు. 1998 జూలైలో డెబియన్ 2.0, హామ్, విడుదలైంది. 1,500కు పైగా ప్యాకేజీలు, 400 మందికి పైగా డెవలపర్లు. చాలామంది ఒకరినొకరు ఎన్నడూ కలవలేదు.

లిబ్‌సీ5 ఎప్పుడో కనుమరుగైంది. ఎక్స్‌లిబ్6జి కూడా పోయింది. ఎందుకంటే ఆ లైబ్రరీల పేర్లు మారే సందర్భాలు తర్వాత చాలా వచ్చాయి. జెడ్‌లిబ్‌కు అలాంటి సందర్భం రాలేదు. రాసినవాళ్లు ముప్పై ఏళ్లుగా ఒప్పందం చెడగొట్టలేదు, సోనేమ్ ఇంకా ఒకటే. పేరు మార్చే అవసరం రాకపోవడం వల్లనే ఆ ‘జి’ నిలిచిపోయింది. ఒక లైబ్రరీని ఇంతకంటే మెచ్చుకోవడం కష్టం.

వెర్షన్ వరసలో ‘డీఎఫ్‌ఎస్‌జీ’ అన్న ముక్క మరో కథ చెబుతుంది. 1997 జూలైలో డెబియన్ తన వాడుకరులకు ఒక సామాజిక ఒప్పందం రాసిచ్చింది. అందులో భాగంగా ఏది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఏది కాదు అని తేల్చే మార్గదర్శకాలు ఉన్నాయి. వాటి ఇంగ్లీషు పొడి అక్షరాలే డీఎఫ్‌ఎస్‌జీ. 1998లో ఓపెన్ సోర్స్ నిర్వచనానికి మూలపాఠం కూడా అదే. రాసినవాళ్లు ఇచ్చిన మూలంలో ఆ షరతులకు సరిపడని ఫైళ్లుంటే ప్యాకేజర్ వాటిని తీసేసి, తీసేసిన సంగతి దాచకుండా వెర్షన్‌లో ఈ నాలుగక్షరాలు రాస్తాడు.

ప్యాకేజీ కట్టడమంటే కంపైల్ చేయడమని బయటివాళ్లు అనుకుంటారు. యంత్రానికి ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. మనిషికి పట్టే కాలం వేరేచోట ఉంది. ముందు ‘ఈ ప్యాకేజీ కట్టాలనుకుంటున్నాను’ అని బహిరంగంగా నమోదు చేయాలి, ఒకే పని ఇద్దరు మొదలుపెట్టకుండా. మూలం పక్కన ‘డెబియన్’ అనే ఫోల్డర్ పెట్టి కొన్ని చిన్న ఫైళ్లు రాయాలి. కంట్రోల్‌లో ప్యాకేజీ ఏమిటి, దేనిమీద ఆధారపడింది. రూల్స్‌లో ఎలా కట్టాలి. చేంజ్‌లాగ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు. కాపీరైట్‌లో ఏ ఫైలు ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు. ఈ నాలుగోదే ఎక్కువమందిని అలసటకు గురిచేస్తుంది. పెద్ద లైబ్రరీలో ఎక్కడో మూలన వేరొకరి దగ్గర తెచ్చుకున్న ఒక ఫైలు వేరే షరతుతో కూర్చుని ఉంటుంది. దాన్ని కళ్లతో వెతకాలి. పేరులో కొత్త అంకె వచ్చిన ప్రతిసారీ ప్యాకేజీ ‘న్యూ’ అనే వరసలో నిలబడుతుంది. అక్కడ ఆర్కైవ్ నిర్వాహకులు దాన్ని తెరిచి మళ్లీ చదువుతారు.

పనిముట్లు కాలక్రమాన మెరుగుపడ్డాయి. 1997లో జోయీ హెస్ డెబ్‌హెల్పర్ తెచ్చాడు. అంతకుముందు వందల వరసలు పట్టిన రూల్స్ ఫైలు తర్వాత్తర్వాత మూడు నాలుగు వరసలకు దిగింది. 1998లో వచ్చిన లింటియన్ కట్టిన మూటను తడిమి చూసి తప్పులు పట్టుకుంటుంది. లైబ్రరీలో ఏ ఫంక్షన్ ఏ వెర్షన్‌లో మొదట వచ్చిందో రాసిపెట్టుకునే సింబల్స్ ఫైళ్లు 2007 నుంచి వాడుకలోకి వచ్చాయి. రాసినవాళ్లు సోనేమ్ మార్చడం మరిచి ఒక ఫంక్షన్ తీసేస్తే ప్యాకేజీ కట్టేటప్పుడే అది బయటపడుతుంది.

సీ++ లైబ్రరీల బాధ ఇంకో రకం. ఆ భాషలో కంపైలర్ మారితేనే ఒప్పందం మారే ప్రమాదముంది. 2015లో జీసీసీ 5 అనే కంపైలర్ వచ్చి అక్షరాల వరసలను (స్ట్రింగ్‌లను) నిల్వచేసే నిర్మాణాన్ని మార్చినప్పుడు పేర్ల చివర ‘వీ5’ చేరింది. పాటల ఫైళ్లలో వివరాలు చదివే ట్యాగ్‌లిబ్ ఆ తర్వాత చాలా ఏళ్లు లిబ్‌ట్యాగ్1వీ5 పేరుతోనే తిరిగింది.

ఇవన్నీ పేరులో కనిపించిన మార్పులు. కనిపించని మార్పు ఏం చేయగలదో 2008 మే 13న తెలిసింది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది రహస్య తాళాలు తయారుచేసే లైబ్రరీ. తాళం గట్టిగా ఉండాలంటే ఎవరూ ఊహించలేని యాదృచ్ఛికత దానిలో కలవాలి. ఆ లైబ్రరీని వాడే ప్రోగ్రాములను వాల్‌గ్రిండ్ అనే తనిఖీ పనిముట్టుతో చూస్తే, విలువ నింపని మెమరీని చదువుతున్నారంటూ హెచ్చరికలు వచ్చేవి. 2006 సెప్టెంబరులో డెబియన్ ప్యాకేజీలో ఆ హెచ్చరికకు కారణమైన రెండు వరసలను పక్కన పెట్టారు. తోచినట్టు చేసిన పని కాదు. ముందు లైబ్రరీ రాసేవాళ్లను అడిగారు, తీసేస్తే నష్టం లేదనే అర్థం వచ్చేలా జవాబు కూడా వచ్చింది. కానీ ఆ రెంటిలో ఒక వరస అసలు యాదృచ్ఛికతను లోపలికి కలిపేది. అది పోయాక తాళంలో మిగిలిన అనిశ్చితి నడుస్తున్న ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే ఒక రకం యంత్రంలో, ఒక కొలత తాళానికి, 32,768 తాళాలే సాధ్యం. ఎవరైనా కూర్చుని అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు.

దాదాపు ఇరవై నెలలు ఇది ఎవరి కంటా పడలేదు. లూచియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ దాన్ని పట్టుకున్నాడు. దిద్దిన ప్యాకేజీ పంపితే సరిపోలేదు. పాత లైబ్రరీతో చేసిన తాళాలు ఏ యంత్రంలో ఉన్నా, అది డెబియన్ కాకపోయినా, బలహీనమే. బలహీనమైన తాళాల జాబితానే ఒక ప్యాకేజీగా కట్టి పంపాల్సి వచ్చింది, దూరపు యంత్రంలోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ వాటిని చూడగానే తిప్పికొట్టేలా. ఆ ఇరవై నెలలూ ప్యాకేజీ పేరు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్0.9.8గానే ఉంది. సోనేమ్ సరిగ్గానే ఉంది. ఫంక్షన్లన్నీ వాటి చోట్ల అవి ఉన్నాయి. లైబ్రరీ తన పని మాత్రం చేయడం లేదు. ప్యాకేజర్ దిద్దుబాటు చేస్తే దాన్ని ఎగువన రాసినవాళ్లకు తప్పక పంపాలన్న మాట అంతకుముందూ ఉంది. ఆ మే నెల తర్వాత దానికొచ్చిన బరువు వేరు.

తెలుగు పాఠకుడి కళ్లెదుట రోజూ పనిచేసే లైబ్రరీ ఒకటి ఈ చరిత్రలో ఉంది. దాని పేరు హార్ఫ్‌బజ్. కంప్యూటర్‌లో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం నిజానికి ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ చూసి ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఏ తలకట్టు మీదికి ఎక్కాలి అని తేల్చి ఫాంటులోంచి సరైన రూపాలు ఏరేది హార్ఫ్‌బజ్. బెహ్దాద్ ఇస్ఫహ్‌బోద్ దాని ప్రధాన రచయిత. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ అన్నీ దాన్నే వాడతాయి. డెబియన్‌లో దాని పేరు లిబ్‌హార్ఫ్‌బజ్0బి. సోనేమ్ అంకె సున్నాగానే ఉండి లోపలి ఒప్పందం మారినప్పుడు, ‘జి’ చేర్చిన రోజుల్లాగానే, ప్యాకేజర్లు ఇలా ఒక అక్షరం పెంచుతారు.

దాని పక్కనే తెలుగు ఫాంట్ల మూటలున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్‌స్ట్రా అనే ప్యాకేజీలోను, లోహిత్ తెలుగు దాని సొంత ప్యాకేజీలోను వస్తాయి. డెబియన్‌ను కంప్యూటర్లోకి ఎక్కించే తొలి మెట్టు కూడా చాలాకాలం అక్షరాల తెర మీదే నడిచేది. తెలుగు లాంటి లిపులు అందులో ఇమడవు. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0 గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ తెచ్చాక ఆ అడ్డు తొలగింది. మాతృభాషలో మొదటి తెర చూడటానికి కింద ఎన్ని లైబ్రరీలు సరిగ్గా పేర్చి ఉండాలో చూసేవాళ్లకు తెలియదు. తెలియనక్కర్లేకుండా చేయడమే ప్యాకేజర్ పని. ఆ పని చేసేవాళ్ల వార్షిక సమావేశం డెబ్‌కాన్ 2023 సెప్టెంబరులో మొదటిసారి భారతదేశానికి, కొచ్చికి వచ్చింది.

ఆర్నెల్లు తిరిగేసరికి 2024 మార్చి వచ్చింది. ఆ నెలలో డెబియన్ మరో పెద్ద మార్పు మధ్యలో ఉంది. ముప్పై రెండు బిట్ల యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. ఆ లెక్క 2,147,483,647 దాకానే పోగలదు. అంటే 2038 జనవరి 19న, భారత కాలమానంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. తర్వాతి సెకను 1901లోకి వెళుతుంది. దాన్ని అరవై నాలుగు బిట్లకు పెంచాలంటే కాలంతో పనున్న ప్రతి లైబ్రరీ ఒప్పందమూ మారుతుంది. అందుకని వందలాది లైబ్రరీల పేర్ల చివర ‘టీ64’ చేరింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. మామూలు అరవై నాలుగు బిట్ల ల్యాప్‌టాప్‌లో ఈ సమస్యే లేదు, అయినా పేరు అన్ని యంత్రాల్లోనూ ఒకటే ఉండాలి కనుక అక్కడా ‘టీ64’ కనిపిస్తుంది. 1998లో చేసిన పనే ఇది, ఇంకా చాలా పెద్ద కొలతలో.

ఇంత కదలిక మధ్య మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఒక హెచ్చరిక పంపాడు. ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజనీరు. తన డెబియన్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అంతకు కొన్ని వారాల ముందు, ప్యాకేజీలు కొత్తవి వేశాక, వాల్‌గ్రిండ్ వింత హెచ్చరికలు ఇచ్చిన సంగతి ఆయనకు గుర్తుంది. 2006లో మాట్లాడిన అదే వాల్‌గ్రిండ్. ఆయన రెంటినీ కలిపి తవ్వుకుంటూ పోతే దారి లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ5 దగ్గర తేలింది. జెడ్‌లిబ్ లాగానే ఇదీ కుదింపు లైబ్రరీ, ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టుది.

ఆ ప్రాజెక్టులో రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించిన జియా టాన్ అనే పేరుగల వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఆ పేరు వెనక ఎవరున్నారో తేలలేదు. దొంగదారిని నడిపించే ముఖ్యమైన ముక్క అందరూ చూసే కోడ్ చరిత్రలో లేదు, విడుదల కట్టలో మాత్రమే ఉంది. ప్యాకేజర్లు సాధారణంగా తీసుకునేది ఆ కట్టనే. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కూ కుదింపు లైబ్రరీకీ నిజానికి చుట్టరికం లేదు. సేవ మొదలైందన్న కబురు, సేవలను నడిపించే సిస్టమ్‌డీకి చెప్పడం కోసం పంపిణీలు ఎస్‌ఎస్‌హెచ్‌కు ఒక దిద్దుబాటు పెట్టుకున్నాయి. దానితో లిబ్‌సిస్టమ్‌డీ వచ్చింది. దాని వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ వచ్చింది. ఆధారాల గొలుసు చాలా పొడవైంది. దుర్మార్గుడు ఆ గొలుసును ప్యాకేజర్ల కంటే జాగ్రత్తగా చదివాడు.

అదృష్టవశాత్తూ అది డెబియన్ స్థిర విడుదలకు చేరలేదు, పరీక్షా శాఖల్లోనే పట్టుబడింది. వెనక్కి తీసుకోవడంలో మళ్లీ పేరు చిక్కు వచ్చింది. డీపీకేజీ దృష్టిలో వెర్షన్ ముందుకే పోవాలి, లేకపోతే అప్‌గ్రేడ్ జరగదు. 5.6.1 ఉన్నవాళ్లకు పాత, మంచి 5.4.5 అందాలంటే దాని వెర్షన్ పెద్దదిగా కనిపించాలి. అలా డెబియన్ పంపింది 5.6.1+రియల్లీ5.4.5-1. పైకి 5.6.1, నిజానికి 5.4.5. తొందరలో కూడా ఆ ‘నిజానికి’ అన్న మాట రాయడం మరవలేదు.

జెడ్‌లిబ్ వరసలోని ‘రియల్లీ’ అంత భయంకరమైనది కాదు. 1.3.డీఎఫ్‌ఎస్‌జీ తర్వాత 1.3.1 వచ్చింది. డీపీకేజీ లెక్కలో చుక్క తర్వాత అంకె కంటే అక్షరం పెద్దది, కాబట్టి కొత్త 1.3.1 పాతదానికంటే చిన్నదిగా కనిపించింది. దాన్ని సరిచేయడానికే ఆ మాట. మొదట్లో ఉన్న ‘1:’ కూడా అలాంటి దిద్దుబాటే, వెర్షన్ అంకెల లెక్క ఎప్పుడైనా తిరగబెట్టాల్సి వస్తే ముందు చేర్చే గుర్తు. ‘-1’ అంటే డెబియన్ తన వైపు నుంచి కట్టిన మొదటి మూట. చివరి ‘+బీ1’ అంటే మూలంలో ఒక్క అక్షరం మారకుండా, చుట్టూ ఉన్నవి మారినందుకు ఒకసారి మళ్లీ కంపైల్ చేశారని.

రస్ట్, గో భాషల్లో రాసేవాళ్లకు ఈ అంకెల భాష పరాయిదవుతోంది. అక్కడ ప్రతి ప్రోగ్రామూ తన లైబ్రరీలన్నిటినీ కడుపులోనే పెట్టుకుంటుంది. డెబియన్‌లో రస్ట్ లైబ్రరీ ప్యాకేజీ అంటే కంపైల్ చేయని మూల కోడే. ఒప్పందం చెడే బాధ తగ్గింది, కానీ ఒకచోట దిద్దితే అందరికీ అందే సౌలభ్యం పోయింది. ఒక చిన్న లైబ్రరీలో భద్రతా లోపం దొరికితే దాన్ని మింగిన ప్రతి ప్రోగ్రామ్‌నూ వెతికి మళ్లీ కట్టాలి. ఏ ప్రోగ్రామ్ దేన్ని మింగిందో రాసిపెట్టుకోకపోతే వెతకడమే కుదరదు. డెబియన్ ఆ లెక్కను ప్యాకేజీ కంట్రోల్‌లోనే నమోదు చేస్తోంది. డెబియన్ 1.1లో 474 ప్యాకేజీలున్న ఆర్కైవ్ డెబియన్ 13 నాటికి 69,830 ప్యాకేజీలకు చేరింది కాబట్టి, ఆ లెక్క రాయడం ఇప్పుడు ఎవరి జ్ఞాపకశక్తికీ వదిలే పని కాదు.

ఇయాన్ మర్డాక్ 2015 డిసెంబరులో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన పంపిణీలో టీ64 మార్పు జరిగినప్పుడు ఒక రకం యంత్రాన్ని మాత్రం మినహాయించారు. అది ఐ386, పాత ఇంటెల్ ముప్పై రెండు బిట్ల రకం. దాని కోసం డెబియన్ ఇప్పుడు కట్టే ప్యాకేజీలకు ఉన్న ముఖ్య ప్రయోజనం, మూలం దొరకని పాత ప్రోగ్రాములను నడిపించుకోవడం. వాటిని మళ్లీ కంపైల్ చేయడానికి ఎవరూ లేరు. ఒప్పందం మారిస్తే అవి ఆగిపోతాయి. అందుకని అక్కడ కాలం లెక్క 2038 దాకానే ఉండనిచ్చారు. ఆ ప్రోగ్రాములు ఎన్నడో పుచ్చుకున్న నంబర్లతో పిలిచే లైబ్రరీలు ఇంకా పలుకుతున్నాయి, వాటిలో జెడ్‌లిబ్1జి కూడా ఉంది.